షర్బత్ వాసనను సీసా మింగేస్తుంటే: ప్యాకింగ్‌ను పరీక్షించి సరిచేసుకునే పద్ధతి

రెండు వేసవుల కింద మా దగ్గర జరిగిన సంగతి ఇది. ఒకే గంగాళంలో కాచిన పాకం, ఒకే రోజు పిండిన నిమ్మకాయలు, ఒకే కొలతలో నిమ్మతొక్క నూనె. సగం షర్బత్ గాజు సీసాల్లోకి వెళ్లింది. ఇంతలో సీసాలు అయిపోయాయి, కొత్త సరుకు రాలేదు, మరోవైపు ఆర్డర్ టెన్షన్. మిగతా సగం చేతికందిన తెల్ల ప్లాస్టిక్ డబ్బాల్లో పోసేశాం. నెల తిరక్కుండానే దుకాణాయన ఫోన్. "ఏమప్పా, ఈ తూరి నిమ్మకాయ పిండేది మర్చిపోతిరా?"

వెళ్లి రెండూ తెరిచి చూశాం. గాజు సీసా మూత తీస్తే అప్పుడే తొక్క గిల్లినట్టు గుప్పున కొట్టింది. డబ్బాలోది పుల్లటి చక్కెర నీళ్లు. ఖాళీ డబ్బాను సబ్బుతో మూడుసార్లు కడిగి ముక్కు దగ్గర పెట్టుకుంటే తెలిసింది, మా నిమ్మ వాసనంతా ఆ గోడల్లోనే ఉందని.

ఇందులో వింతేమీ లేదు. ప్లాస్టిక్ డబ్బాలో ఆవకాయ పెట్టి, ఖాళీ చేసి, ఎన్ని నీళ్లతో కడిగినా ఆ డబ్బా ఆవకాయ వాసన వదలదు. జాడీ వదిలేస్తుంది. మన అమ్మమ్మలు జాడీని ఎంచుకోవడానికి ఇదీ ఒక కారణమే. పానీయాల పరిశ్రమలో దీన్ని ఫ్లేవర్ స్కాల్పింగ్ అంటారు. ప్యాకింగ్ సరుకు పానీయంలోని సుగంధాన్ని తనలోకి లాగేసుకోవడం అన్నమాట.

ఇలా అయినప్పుడు చాలామంది చేసే మొదటి పని ఎసెన్స్ పెంచడం. నా లెక్కలో అది చివరి పని కూడా కాదు. ప్లాస్టిక్ అన్ని వాసనల్నీ సమానంగా తీసుకోదు. కొన్నింటిని నిలువునా మింగి, కొన్నింటిని ముట్టుకోకుండా వదిలేస్తుంది. కాబట్టి ఎసెన్స్ పెంచితే పోయిన వాసన కొంత తిరిగొస్తుంది, పోనివి మాత్రం మోతాదు మించుతాయి. నిమ్మ షర్బత్ కాస్తా గిన్నెలు కడిగే సబ్బులా తయారవుతుంది. ముందు వాసన ఏ దారిన పోతోందో పట్టుకోవాలి.

మెట్టు 1: దొంగ ఏ దారిన వచ్చాడో చూడండి

వాసన తగ్గిందంటే దారులు కొన్నే. మొదటిది ఇందాక చెప్పిన ఇంకిపోవడం. రెండోది, గోడ గుండా లేదా మూత సందుల్లోంచి బయటికి పోవడం. మూడోది, బయటి గాలిలోని ఆక్సిజన్ లోపలికి వచ్చి సుగంధాన్ని పాడుచేయడం. ఇక్కడ వాసన తగ్గడమే కాదు, మారిపోతుంది. నాలుగోది, ప్యాకింగ్ తన సొంత వాసనను పానీయంలోకి వదిలి అసలు వాసనను కప్పేయడం. వీటన్నిటికీ ఎండ, వేడి తోడు దొంగలు.

కాలం కూడా ఒక గుర్తు. ఇంకిపోయే వాసన మొదటి ఒకటి రెండు వారాల్లోనే గబగబా తగ్గి, తర్వాత నిలకడగా ఉంటుంది. ప్లాస్టిక్ కడుపు నిండాక ఇక తీసుకోదు. ఆక్సిజన్ పని అలా కాదు. అది నిదానంగా, ఆగకుండా నెలల తరబడి నడుస్తుంది. పదో రోజుకే వాసన సగమైందని ఫిర్యాదు వస్తే గోడలను అనుమానించండి. మొదటి నెల బాగుండి మూడో నెలలో పాత నూనె కంపు వస్తే ఆక్సిజన్‌ను అనుమానించండి.

ఇంకో మాట. కొన్ని నేరాలు సీసావి కావు. నిమ్మకు నిమ్మ అనిపించేలా చేసేది సిట్రాల్ అనే పదార్థం. పులుపు నీళ్లలో అది తనంతట తానే విరిగిపోతుంది. గాజులో పెట్టినా విరుగుతుంది, వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా విరుగుతుంది. విరిగాక వచ్చేవాటిలో కొన్నింటికి కిరోసిన్ ఛాయ, కొన్నింటికి ఆస్పత్రి మందు ఛాయ ఉంటాయి. గాజు సీసాలోని నిమ్మరసానికి కూడా అదే వాసన వస్తుంటే సీసా మార్చి లాభం లేదు. చల్లగా ఉంచడం, త్వరగా అమ్మేయడం, ఇవే మార్గాలు.

నన్నారిదీ ఇలాంటి కథే. సుగంధిపాల వేళ్లకైనా, మన వైపు నన్నారి పేరుతో ఎక్కువగా వాడే మారేడు కొమ్ములకైనా ఆ వాసన ఒకే పదార్థం వల్ల వస్తుంది. దాని పేరు 2-హైడ్రాక్సీ-4-మెథాక్సీ బెంజాల్డిహైడ్. వెనిలాలో ఉండే వెనిలిన్‌కు ఇది తోబుట్టువు. పరమాణువులు అవే, అమరికే వేరు. కానీ ఇది ఆవిరితో పాటు లేచిపోతుంది. మూత తీసిన గిన్నెలో గంటసేపు మరిగిస్తే వీధంతా ఘుమఘుమలాడుతుంది. వీధిలోకి వెళ్లింది సీసాలోకి రాదు కదా. నన్నారి వాసన తక్కువైందంటే ముందు పొయ్యి దగ్గర చూడండి, తర్వాత సీసా దగ్గరికి రండి.

మెట్టు 2: మీ వాసన నూనె బాపతా, నీళ్ల బాపతా

ఇంకిపోవడమనే రోగానికి ఇదే అసలు కీలకం. పాలిథిన్, పాలీప్రొపిలీన్ అనేవి స్వభావరీత్యా గట్టిపడ్డ మైనం లాంటివి. నూనెలో కరిగే వాసనలు వాటిలోకి హాయిగా దిగిపోతాయి. నీళ్లతో కలిసిమెలిసి ఉండే వాసనలు అంతగా దిగవు.

నారింజ తొక్క నూనెలో 90 శాతానికి పైగా లిమొనీన్ అనే వాసన పదార్థం ఉంటుంది. నిమ్మ తొక్క నూనెలో కూడా ఎక్కువ భాగం అదే. దీనికి నీళ్లంటే పడదు, ప్లాస్టిక్ అంటే ప్రాణం. నమ్మకం కుదరకపోతే పిల్లల ముందు ఒక పని చేయండి. థర్మోకోల్ ముక్క మీద నారింజ తొక్కను మడిచి గట్టిగా పిండండి. ఆ తుంపర పడ్డచోట కాసేపటికి థర్మోకోల్ కరిగి గుంటలు పడతాయి. ప్లాస్టిక్‌లన్నీ ఇలా కరగవు కానీ, ఆ నూనెకు ఈ జాతితో ఎంత చుట్టరికమో కళ్లకు కడుతుంది.

ఈ లెక్కన చూస్తే నిమ్మ, నారింజ, బత్తాయి అన్నిటికంటే ప్రమాదంలో ఉన్నాయి. అల్లం, జీలకర్ర, పుదీనా, ఏలకులు కూడా నూనె బాపతే, కాకపోతే దెబ్బ కాస్త అటూ ఇటూగా ఉంటుంది. గులాబీ వాసనలో ముఖ్యమైన ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, వెనిలాలోని వెనిలిన్ అంత తేలిగ్గా పాలిథిన్‌లోకి పోవు. నన్నారి ఈ మధ్యలో ఎక్కడో ఉంటుంది, నిమ్మంత సున్నితం మాత్రం కాదు. మామిడి మిశ్రమ సరుకు. ఒక్క పండులోనే పదుల రకాల వాసనలుంటాయి. వాటిలో నూనె బాపతువి ముందు పోయి, మిగిలింది మామిడి తాండ్ర లాగో ఉడికిన పండు లాగో అనిపిస్తుంది.

పానీయంలో కొవ్వు ఉంటే అది వాసనను తన దగ్గరే పట్టి ఉంచుతుంది, ప్లాస్టిక్‌కు తక్కువ వదులుతుంది. అందుకే బాదం పాలలో ఏలకుల వాసన ప్లాస్టిక్ సీసాలో కూడా కొంత నిలబడుతుంది. అదే ఏలకుల ఎసెన్స్‌ను తేటనీళ్ల సోడాలో వేసి అలాంటి సీసాలోనే పెడితే నిలవదు. గుజ్జు ఉన్న రసాల్లో కూడా గుజ్జు కొంత వాసనను పట్టి ఉంచుతుంది. వడగట్టి తేటగా చేసిన పానీయమే ఎక్కువ నష్టపోతుంది.

మెట్టు 3: సీసాను బోర్లించి చదవండి

అడుగున త్రికోణంలో అంకె ఉంటుంది. 1 అంటే పెట్ (మంచినీళ్ల సీసాల ప్లాస్టిక్), 2 అంటే హెచ్‌డీపీఈ (గట్టి రకం పాలిథిన్), 4 అంటే ఎల్‌డీపీఈ (మెత్త రకం పాలిథిన్), 5 అంటే పాలీప్రొపిలీన్. మేం ఆ వేసవిలో వాడిన తెల్ల డబ్బా అడుగున 2 ఉంది. అప్పుడు చూడలేదు, చూసినా అర్థమయ్యేది కాదేమో.

పెట్‌కూ పాలిథిన్‌కూ ఇంత తేడా ఎందుకో ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ప్లాస్టిక్‌లో పొడవాటి అణువుల గొలుసులు చిక్కులు పడి ఉంటాయి. గది వేడిలో పాలిథిన్ గొలుసులు కదులుతూ సందులిస్తూ ఉంటాయి, సంతలో జనంలా. మధ్యలోంచి ఎవరైనా దూరిపోవచ్చు. పెట్ గొలుసులు మాత్రం సుమారు 70 డిగ్రీలు దాటేదాకా బిగుసుకునే ఉంటాయి, పండగ రోజు ఆర్టీసీ బస్సులో నిలబడ్డవాళ్లలా. వాసన అణువుకు కాలు పెట్టే చోటు దొరకదు. ఆక్సిజన్ కూడా అంతే. ఒకే మందం గోడ గుండా చూస్తే పెట్ కంటే హెచ్‌డీపీఈ, పాలీప్రొపిలీన్ పదుల రెట్లు ఎక్కువ ఆక్సిజన్‌ను పోనిస్తాయి.

అంకె చూశాక మూత విప్పి లోపలి వైపు చూడండి. చాలామంది దీన్ని వదిలేస్తారు. సీసా పెట్ అయినా మూత దాదాపు ఎప్పుడూ హెచ్‌డీపీఈయో పాలీప్రొపిలీనో అయి ఉంటుంది. లోపల మెత్తటి బిళ్ల కూడా ఉండొచ్చు. గాజు సీసాకు పెట్టే క్రౌన్ మూతలో (ఓపెనర్‌తో తీసే రేకు మూత) కూడా ప్లాస్టిక్ పొర ఉంటుంది, ఒకప్పుడు అక్కడ బెరడు బిళ్ల ఉండేది. గోలీసోడా అభిమానులు కోప్పడకపోతే ఒక మాట. 1872లో ఇంగ్లండ్ ఇంజినీర్ హైరమ్ కాడ్ పేటెంట్ తీసుకున్న ఆ సీసా అంతా గాజే, గోలీ కూడా గాజే. కానీ గోలీ నొక్కుకునేది మెడలో ఉన్న రబ్బరు వాషర్‌కు. పాతబడ్డ వాషర్ నిన్నటి జింజర్ వాసనను ఇవాళ్టి నిమ్మ సోడాలో కలుపుతుంది. వాషర్‌ను ఫ్లేవర్‌కొకటి అన్నట్టు విడిగా ఉంచుకోవడం మేలు.

మెట్టు 4: ఏ సరుకు ఎంతవరకు

గాజు ఏమీ తీసుకోదు, ఏమీ ఇవ్వదు, ఏదీ దాటనివ్వదు. పోయేదంతా మూత దగ్గరే. దాని లోపం వెలుతురు. తెల్లగాజు సీసాను దుకాణం ముందు ఎండలో వరసగా పేర్చితే చూడ్డానికి అందంగా ఉంటుంది, లోపల లిమొనీన్ ఆక్సిజన్‌తో కలిసి పాడవడం వేగం పుంజుకుంటుంది. పాల పానీయాలకు వెలుతురు ఇంకా చెడ్డది, ఎందుకంటే పాలలోని రైబోఫ్లేవిన్ అనే విటమిన్ వెలుతురును పట్టి రుచిని చెడగొడుతుంది. గోధుమరంగు గాజు చాలా మేలు. ఆకుపచ్చ గాజు చూపులకే గానీ రక్షణలో దానికి సాటి రాదు.

పెట్ నా దృష్టిలో చిన్న తయారీదారుకు అన్నిటికంటే న్యాయమైన బేరం. వాసనను బాగా తక్కువ పీలుస్తుంది. ఆక్సిజన్‌ను మాత్రం కొద్దికొద్దిగా లోపలికి, సోడా గ్యాస్‌ను కొద్దికొద్దిగా బయటికి పోనిస్తుంది. గ్యాస్ తగ్గితే వాసన కూడా తగ్గినట్టే అనిపిస్తుంది, ఎందుకంటే బుడగలే వాసనను ముక్కుదాకా మోసుకొస్తాయి. సీసా చిన్నదైన కొద్దీ బాధ ఎక్కువ. 2 లీటర్ల సీసాతో పోలిస్తే అదే ఆకారంలో ఉన్న 200 మి.లీ. సీసాలో ప్రతి మిల్లీలీటరుకూ గోడ రెండు రెట్ల కంటే ఎక్కువ తగులుతుంది. పది రూపాయల సీసా అమ్మేవాళ్లు గడువు తేదీ వేసేటప్పుడు పెద్ద సీసా లెక్క వేసుకోకూడదు. పెట్ తనవైపు నుంచి అసిటాల్డిహైడ్ అనే తియ్యటి పండు వాసనను రవ్వంత వదులుతుంది. మంచినీళ్లలో తెలుస్తుంది, నన్నారి ముందు దాని ఆటలు సాగవు.

హెచ్‌డీపీఈ, పాలీప్రొపిలీన్ సీసాలు పాల పానీయాలకు, వారంలో అమ్ముడయ్యేవాటికి సరిపోతాయి. నిమ్మ జాతికి వద్దు. అంతకంటే పొడిగించి చెప్పాల్సిందేమీ లేదు.

మజ్జిగ ప్యాకెట్ల మాట వేరు. అది పాల ప్యాకెట్ లాంటి పాలిథిన్ ఫిల్మే. అల్లం, కరివేపాకు, జీలకర్ర వాసనలు అందులోకి పోతాయి, నిజమే. కానీ చల్లగా ఉంచి రెండు మూడు రోజుల్లో తాగేసే సరుకు అది. దానికి ఖరీదైన పొరల ప్యాకెట్ వెతకడం దండగ. సరుకు ఎన్నాళ్లు బతకాలో తేల్చుకోకుండా ప్యాకింగ్ ఎంచుకోవడం, ఊరు తెలియకుండా టికెట్ తీసుకోవడం లాంటిది.

పొరల పౌచ్, అట్టపెట్టె ప్యాక్ చూడ్డానికి గట్టిగా ఉంటాయి. టెట్రా ప్యాక్ వాళ్ల మామూలు పెట్టెలో ఆరు పొరలుంటాయి. వాటిలో అల్యూమినియం రేకు మందం 6 నుంచి 9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆ రేకు ఆక్సిజన్‌ను, వెలుతురును, బయటి వాసనలను ఆపేస్తుంది. అయితే రేకు పానీయానికి తగలదు. తగిలేది దానికంటే లోపల ఉన్న పాలిథిన్ పొర. నారింజ రసంలోని లిమొనీన్ అందులోకి ఇంకుతుంది. అంటే ఈ పెట్టె మూడో దొంగను ఆపుతుంది, మొదటి దొంగను ఇంట్లోనే పెట్టుకుంటుంది. పౌచ్ కొనేటప్పుడు ఎన్ని పొరలని మాత్రమే కాదు, లోపలి పొర ఏమిటి, ఎంత మందం అని అడగండి. ఈవీఓహెచ్ అనే ప్లాస్టిక్ పొర ఉన్న ఫిల్మ్ ఆక్సిజన్‌ను బాగా ఆపుతుంది. కానీ తడి తగిలితే ఆ బలం తగ్గుతుంది కాబట్టి దాన్ని వేరే పొరల మధ్యలో దాచి ఉంచుతారు.

అల్యూమినియం క్యాన్ లోపల కూడా పలచటి పూత ఉంటుంది. అది కొన్ని మైక్రాన్లే కాబట్టి పీల్చుకునే వాసన కూడా తక్కువే. కానీ క్యాన్ నింపే మెషీన్ చిన్న యూనిట్లకు అందుబాటులో ఉండే వస్తువు కాదు, కాబట్టి ముందుకు పోదాం.

మెట్టు 5: ముక్కల పరీక్ష

ఇక్కడి నుంచి చేతిపని. జామ్ వచ్చే గాజు సీసాలు, 200 మి.లీ.వి, అన్నీ ఒకే రకం, ఓ ఐదు తీసుకోండి. వేడినీళ్లలో మరిగించి ఆరబెట్టండి. మీరు వాడాలనుకునే సీసాలు, డబ్బాలను కత్తిరించి ఒక్కోదాని నుంచి 10 సెం.మీ. పొడవు, 10 సెం.మీ. వెడల్పు ముక్క తీయండి. రెండు వైపులా కలిపితే 200 చదరపు సెంటీమీటర్లు. చిన్న సీసాలో ఒక మిల్లీలీటరు పానీయానికి సుమారు ఒక చదరపు సెంటీమీటరు గోడ తగులుతుంది కాబట్టి ఈ కొలత నిజానికి దగ్గరగా ఉంటుంది. ముక్క పెద్దదనిపిస్తే నాలుగు చీలికలు చేసి వేయండి.

ఒక్కో సీసాలో ఒక్కో రకం ముక్క వేసి, ఒకే గిన్నెలోని పానీయం అంచుదాకా పోసి మూత బిగించండి. ఒక సీసాలో ముక్క ఏదీ వేయకండి, అదే మీ సాక్షి. మూతలన్నీ ఒకే రకం ఉండాలి, సీసాలు నిలువుగానే ఉండాలి. లేకపోతే మూత చేసే మోసం ముక్క మీద పడుతుంది. చీకటి అలమరలో రెండు వారాలు ఉంచండి.

తర్వాత ముక్కలను బయటికి తీసి చన్నీళ్లలో కడిగి, గుడ్డతో తుడిచి, ఒక్కోదాన్ని ఖాళీ గాజు గ్లాసులో వేసి పైన సాసర్ బోర్లించండి. అరగంట తర్వాత సాసర్ ఎత్తి వాసన చూడండి. మేం ఇలా చేసిన రోజు పాలిథిన్ ముక్క ఉన్న గ్లాసు నిమ్మతోటలా ఉంది. పెట్ ముక్క దగ్గర బాగా వెతుక్కుంటే గానీ దొరకలేదు. పానీయాల వాసన సరిగ్గా తలకిందులు.

ఒక జాగ్రత్త. పొరల పౌచ్‌ను ఇలా కత్తిరించి వేయకూడదు. మామూలుగా పానీయానికి తగలని బయటి పొర కూడా అప్పుడు తడుస్తుంది, ఫలితం తప్పుతుంది. దాన్ని చిన్న సంచిలా సీల్ చేసి లోపల పానీయం నింపే పరీక్షించాలి.

మెట్టు 6: అసలు సీసాల్లో, అసలు వేడిలో

ముక్కల పరీక్షలో నెగ్గినవాటిని మాత్రమే ఇక్కడికి తెండి. ఒకే రోజు, ఒకే గిన్నె నుంచి నింపండి. కొన్ని ఫ్రిజ్‌లో, కొన్ని ఇంట్లో నీడన, కొన్ని రేకుల షెడ్డు కింద పెట్టండి. మే నెలలో కర్నూలులోనో రామగుండంలోనో రేకుల కింద ఉండే వేడి మీ సరుకు నిజంగా పడే బాధ. ఏసీ గదిలో చేసిన పరీక్ష దానికి జవాబు చెప్పదు. పోల్చడానికి గాజు సీసాల్లో అంచుదాకా నింపి ఫ్రిజ్‌లో వెనక్కి పెట్టినవి కొన్ని ఉండాలి.

మూడో రోజు, వారం, రెండు వారాలు, నెల, మీ గడువు అంతకంటే ఎక్కువైతే రెండు నెలలు, మూడు నెలలు. ప్రతిసారీ కొత్త సీసా తెరవాలి. తెరిచిన సీసాకు మళ్లీ మూత పెట్టి వచ్చేవారం చూస్తే అది పరీక్ష కాదు. కొన్ని సీసాలను పడుకోబెట్టి ఉంచండి. పడుకున్న సీసాలో వాసన తక్కువగా ఉండి, నిలబడ్డ సీసాలో బాగుంటే నేరం మూతది. ఉబ్బిన, పొంగిన, బూజు కనిపించిన సీసా ఏదైనా వాసన కూడా చూడకుండా పారబోయండి.

మెట్టు 7: మూడు గ్లాసుల పరీక్ష

మన ముక్కును మనం నమ్మకూడదు. ఏ సీసాలోది ఏదో ముందే తెలిస్తే ముక్కు మనకు కావలసిందే చెబుతుంది. దీనికి ప్రపంచమంతటా వాడే సులువైన పద్ధతి ఒకటుంది. మూడు ఒకే రకం గ్లాసులు. రెండింట్లో ఒక పానీయం, ఒకదాంట్లో రెండోది. తాగేవాళ్లు చెప్పాల్సింది ఒక్కటే, వేరుగా ఉన్నది ఏది. ఏది బాగుందని అడగకండి, అది వేరే ప్రశ్న.

గుడ్డిగా చెప్పినా మూడింట ఒకరికి కుదురుతుంది కాబట్టి లెక్క కావాలి. 12 మంది తాగితే కనీసం 8 మంది సరిగ్గా చెప్పాలి. 24 మంది తాగితే 13 మంది చాలు. అప్పుడే తేడా నిజంగా ఉందని నమ్మొచ్చు. అంతకంటే తక్కువ మంది చెబితే ఆ పరీక్షలో తేడా రుజువు కానట్టే. గ్లాసుల వరసను మనిషికొక రకంగా మార్చండి. ఆరు వరసలు వీలవుతాయి, ఆరూ వాడండి. గ్లాసుల మీద 1, 2, 3 అని కాకుండా 417, 862 లాంటి అంకెలు రాయండి. ఒకటో నంబరంటే మంచిదని మనుషులకు ఊరికే అనిపిస్తుంది.

గ్లాసులు గాజువో స్టీలువో ఉండాలి. అన్నీ ఒకే చల్లదనంలో ఉండాలి, మరీ ఐసులా ఉంటే వాసన లేవదు. గదిలో అగరుబత్తి, సాంబ్రాణి ఉండకూడదు. గంట ముందు నుంచి కాఫీ, వక్కపొడి వద్దు. మొదటిసారి మా పరీక్షంతా పాడైంది ఎందుకంటే శుక్రవారం పెట్టుకున్నాం, వచ్చిన ఆడవాళ్లందరి తలలో మల్లెపూలు. మా పిన్ని మూడు గ్లాసులూ చూసి "అన్నీ మల్లెపూల షర్బతే కదరా" అంది.

మెట్టు 8: చౌక నుంచి ఖరీదు వైపు సరిచేయండి

ముందు ఖర్చు లేని పనులు. సీసా మెడలో వదిలే ఖాళీని చూడండి. 250 మి.లీ. సీసాలో 10 మి.లీ. ఖాళీ ఉంటే అందులోని గాలిలో సుమారు 2.7 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. గాలి తగిలిన 250 మి.లీ. నీళ్లలో కరిగి ఉండేది దాదాపు 2 మిల్లీగ్రాములే. అంటే ఆ కాస్త ఖాళీ మొత్తం పానీయం కంటే ఎక్కువ ఆక్సిజన్ మోస్తోంది. పైనుంచి ధారగా పోయకుండా గొట్టాన్ని సీసా అడుగుదాకా దింపి నింపితే నురగ తగ్గుతుంది, నురగతో వచ్చే గాలీ తగ్గుతుంది. సోడా సీసాలకు మాత్రం గ్యాస్ కోసం కొంత ఖాళీ వదలాల్సిందే.

తర్వాత వేడి. పాకం చల్లారాక, నింపే ముందు ఎసెన్స్ కలపండి. వేడి షర్బత్‌ను మామూలు పెట్ సీసాలో పోయొద్దు. 70 డిగ్రీలు దాటాక ఇందాకటి బస్సు ఖాళీ అయినట్టే, సీసా ముడుచుకుపోతుంది, వాసనకూ దారి దొరుకుతుంది. వేడిగా నింపడానికి విడిగా చేసిన పెట్ సీసాలు ఉంటాయి, లేదంటే గాజు వాడండి.

మూడోది సరుకు దాచే చోటు. వాసన లోపలి నుంచి బయటికి పోగలిగినట్టే బయటి నుంచి లోపలికీ రాగలదు. కిరాణా కొట్టులో షర్బత్ డబ్బాల పక్కన సబ్బులు, అగరుబత్తీలు, ఫినాయిల్, కలరా ఉండలు పెట్టడం మనం రోజూ చూసేదే. పాలిథిన్ ప్యాకెట్‌కు అది శాపం. దుకాణాయనకు కాస్త నచ్చజెప్పండి. మీ గోడౌన్‌లో కూడా ఖాళీ సీసాలను పెయింటు డబ్బాల దగ్గర పెట్టకండి. ఖాళీగా ఉన్నప్పుడు పీల్చిన వాసనను అవి నింపాక వదులుతాయి. పెళ్లిళ్లలో 20 లీటర్ల మంచినీళ్ల క్యాన్లలో నిమ్మరసం కలిపి పెట్టి, తర్వాత అవే క్యాన్లలో నీళ్లు పంపితే జనం మొహాలు చిట్లించేది ఇందుకే.

ఇవన్నీ అయ్యాక డబ్బు ఖర్చు. మొదట మూత మార్చండి, పలచటి బిళ్ల ఉన్నది, గట్టిగా బిగిసేది. తర్వాత సీసా సైజు పెంచే వీలుందా చూడండి. అప్పటికీ చాలకపోతే సీసా సరుకే మార్చాలి. నిమ్మ, నారింజ మూడు నెలలు దాటి నిలవాలంటే నేను గాజుకే ఓటేస్తాను. రవాణాలో పగిలేదాన్ని లెక్కలో కలుపుకోండి, అప్పుడు కొన్ని ఊళ్లకు పెట్ గెలుస్తుంది. ఒకే సరుకును దగ్గరి ఊళ్లకు పెట్‌లో, దూరపు దుకాణాలకు గాజులో పంపడంలో తప్పేమీ లేదు.

ఏ ప్లాస్టిక్ కొన్నా ఆహారానికి పనికొచ్చేదని అమ్మినవాళ్ల దగ్గర కాగితం తీసుకోండి. దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018 ప్యాకేజింగ్ నిబంధనల ప్రకారం ప్లాస్టిక్ నుంచి ఆహారంలోకి దిగే పదార్థాలు మొత్తం కలిపి కిలోకు 60 మిల్లీగ్రాములు మించకూడదు. పెట్‌కు ఐఎస్ 12252, పాలిథిన్‌కు ఐఎస్ 10146, పాలీప్రొపిలీన్‌కు ఐఎస్ 10910 భారతీయ ప్రమాణాలు. అయితే ఆ కాగితం చెప్పేది ప్లాస్టిక్ నుంచి పానీయంలోకి ఏం దిగుతుందో మాత్రమే. పానీయం నుంచి ప్లాస్టిక్‌లోకి ఏం పోతుందో దాంట్లో ఉండదు. అది మీరే చూసుకోవాలి.

మెట్టు 9: ప్రతి వాయికీ ఒక సాక్షి

పరీక్షలన్నీ ముగిశాక కూడా ఒక అలవాటు మానకండి. ప్రతి వాయి నుంచి రెండు గాజు సీసాలు నింపి, తేదీ, సీసా రకం, మూత రకం, నింపినప్పటి వేడి ఒక నోటు పుస్తకంలో రాసి, సీసాలను ఫ్రిజ్‌లో పెట్టండి. దుకాణం నుంచి ఫిర్యాదు వస్తే ఆ వాయి సాక్షినీ దుకాణం సీసానూ పక్కపక్కన తెరవండి. రెండింట్లోనూ వాసన లేకపోతే తప్పు పొయ్యి దగ్గరో ఎసెన్స్ దగ్గరో ఉంది. సాక్షి బాగుండి దుకాణంలోది పోతే ప్యాకింగో, దాచిన చోటో.

మా పాత తెల్ల డబ్బాల్లో ఇప్పుడు అమ్మ ముగ్గుపిండి పోసుకుంటోంది. మొన్న ఒకటి మూత తీసి చూశాను, ఇంకా నిమ్మ వాసనే.